పేరు చివరి తోక

పర్లాకిమిడి బస్టాండు వెనక
మా చినమావ సెల్‌ఫోన్ల కొట్టు.
సాయంత్రం నాలుగు దాటితే బల్ల వెనక నేను,
తవిటినాయుడు, ప్లస్ టూ.
పగిలిన అద్దాలు మారుస్తాను,
మెమరీ కార్డుల్లో జనానికి కావలసినవి నింపుతాను.

శనివారం కబడ్డీ ప్రాక్టీసు నుంచి తిన్నగా
మోకాలి మీద ఎండిన మట్టితో వచ్చేది ఎలిసబా రైతా.
సెరంగో కొండదారి అవతల ఊరు.
నాకంటే జానెడు పొడుగు. ఆ భుజాలు చూసి
చినమావ బల్ల మీద రేడియో పక్కకి జరిపేవాడు.
"ఆ జపాను బొమ్మలది. తరవాతి భాగం వెయ్యి."

ఆ కథలో పిల్ల
ఊరి స్నానాల ఇంట్లో బాయిలరుకి కట్టెలేస్తుంది.
పదహారేళ్లు. పేరు హిసానో.
పిల్లడు అదే ఇంటి గోడ మీద కొండ బొమ్మ వేస్తుంటాడు,
నీళ్లంటే భయం.
మొదటి భాగంలోనే, మసి చేతులు తుడుచుకోకుండా, ఆమే అడిగేస్తుంది
నీ పేరు చివర మర్యాద తోక తీసేసి పిలవనా అని.
మిగతా పదకొండు భాగాలూ
ఆ పిల్లడు ఆమె పేరు తోక తెంపలేక
నిచ్చెనెక్కి దిగుతుంటాడు, కొండ మీద మంచు దిద్దుతుంటాడు.
ముద్దు లేదు. పాట లేదు. విలన్ లేడు.
"ఇదేటి ప్రేమరా" అన్నాడు చినమావ,
అని, స్టూలు మాత్రం దగ్గరికి లాక్కున్నాడు.

జపాను మాట చెవికి, ఇంగ్లీషు అక్షరం కంటికి.
చెరో ఇయర్‌ఫోను.
ఆమెకు తెలిసిన ముక్క ఆమె, నాకు తెలిసిన ముక్క నేను
ఒడియా దారంతో కుట్టుకునేవాళ్లం.
మిగిలిపోయిన చిల్లుల్లోంచి
ఎవరికి తోచింది వాళ్లు చూసేవాళ్లం.

నా తోక నాకుంది.
కొట్టుకొచ్చినవాళ్లని ఆపణ అనాలని చినమావ చట్టం.
ఆపణంక కార్డు, ఆపణంక చిల్లర.
ఆమె తొలిరోజు నుంచే నన్ను తు.
"మా ఇంట్లో దేవుడికీ కుక్కకీ ఒకటే మాట," అంది,
"నన్నెందుకు కలెక్టర్ని చేస్తావు?"
ఐదో భాగం నాటికి తుమే దాకా దిగాను.
దిగి, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను.

దసరా ముందు, తాత చేసిన దువ్వెన ఇచ్చాను.
ఎద్దుకొమ్ము, వెన్ను మీద చిన్న చేప.
పొట్టిగా కత్తిరించిన తల నిమురుకుని
చాలాసేపు నవ్వింది.
తర్వాత దాంతోనే బూటు అడుగున మట్టి గీకింది,
శ్రద్ధగా, ఒక్క పన్ను విరగకుండా.
చేపని మాత్రం చొక్కాకి తుడిచింది.
దాన్ని ఏ భాషలోకి తిప్పుకోవాలో
నాకు ఇప్పటికీ తెలీదు.

పన్నెండో భాగం తొమ్మిదో నిమిషం దగ్గర ఆగిపోయింది.
గోడ పూర్తయింది, తొట్టిలోకి నీళ్లు వదిలారు,
పిల్లడు మోకాళ్ల దాకా దిగాడు, నోరు తెరిచాడు
తెరంతా బూడిదరంగు గళ్లు.
కార్డు తీసి ఊదాను. కేబులు మార్చాను.
తుపాను వాన, మహేంద్రతనయ ఒడ్డున ఎక్కడో తీగ తెగి
వారంగా నెట్టు లేదు.
"ఏమని పిలిచాడంటావు?"
"తెలీదు."
"తెలీకపోవడమేం," అంది, నా వైపు చూడకుండా.

భువనేశ్వర్ స్పోర్ట్స్ హాస్టల్లో సీటొచ్చిందన్న సంగతి
సోమవారం బస్సు కిటికీలోంచి చెప్పింది.
ఒళ్లో రేకు పెట్టె, దాని మీద కొత్త బూట్లు.
డ్రైవరు ఇంజను లేపాడు.
ఆపణ రాలేదు. తుమే రాలేదు.
తు పెదవి దాకా వచ్చి
అరువు చొక్కాలా బిగుసుకుంది.
"ఎలిసబా," అన్నాను,
"నువ్వు"
అంతే. మా అమ్మ మాట.
తర్వాత ఏమనాలో అనుకోలేదు.
ఆమె మెడ బయటికి సాచి
"ఏటి?" అంది
అచ్చం మా వీధి గుంటలాగ.
ఎక్కడ నేర్చిందో. చినమావ దగ్గరేమో.

నెట్టు గురువారం వచ్చింది.
ఫైలు మొత్తం దిగింది, మూడు వందల నలభై ఎంబీ.
ఇద్దరం చూడాల్సింది కదా, ఆపి ఉంచాను.
చినమావ ఆగలేదు.
రాత్రి షట్టరు దించుకుని ఒక్కడే చూసినట్టున్నాడు,
పొద్దున్న టీ గ్లాసు నా ముందు పెట్టి
ఏదో అనబోయి, నా మొహం చూసి
"చెప్పన్లే" అన్నాడు.